ముందు అన్నం, ఆ తర్వాతే అద్దం

మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా అనోరెక్సియా నెర్వోసా, అంటే లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు, అని తేలింది. ఆసుపత్రిలో ఉంచే అవసరం దాటాక, డాక్టర్లు చూస్తూ ఉంటే తల్లిదండ్రులమే దగ్గరుండి తినిపించే పద్ధతిలో హైదరాబాద్‌లో, ఇంట్లోనే చికిత్స చేయించాం. ఈ పద్ధతి గురించి తెలుగులో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఏది ఏ వరుసలో చెయ్యాలో, ఎక్కడ తేడా కొడుతుందో, ఎందుకు కొడుతుందో రాస్తున్నాను. బరువు అంకెలు, క్యాలరీల లెక్కలు కావాలనే వదిలేశాను. ఈ జబ్బున్న పిల్లల కంట అవి పడితే పోటీ మొదలవుతుంది.

ముందుగా ఒక్క విషయం తేల్చుకోవాలి. "ఒళ్లు నచ్చకే కదా తిండి మానేసింది, ముందు ఆ అసంతృప్తి పోగొడితే తనే తింటుంది" అని దాదాపు అందరూ అనుకుంటారు. చుట్టాలూ అంటారు, కొందరు కౌన్సెలర్లూ అంటారు. చికిత్స వరుస దీనికి పూర్తిగా తలకిందులు. ముందు తిండి, దాంతో బరువు, ఆ వెనక మెదడు తేరుకోవడం, అన్నిటికన్నా చివర ఒంటి మీద అసంతృప్తి తగ్గడం. చివర కుదిరేదాన్ని మొదటే కుదర్చాలని కూర్చుంటే నెలలు గడుస్తాయి, ఈలోపు గుండె బలహీనపడుతుంది.

ఎందుకిలా అంటే, ఆకలి దానంతటదే మనిషి ఆలోచనను మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. ఆరు నెలల పాటు వాళ్లకు సగం తిండే పెట్టారు. వాళ్లకెవరికీ అంతకుముందు ఒంటి గురించి దిగుల్లేదు. అయినా రోజంతా తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం, ఒక్కో భోజనాన్ని గంటలకొద్దీ సాగదీయడం, చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం మొదలయ్యాయి. మళ్లీ తినడం మొదలుపెట్టాక కొందరు పొట్ట వచ్చిందని, పిరుదులు పెరిగాయని బాధపడ్డారు. మన పిల్లలు ఫోన్‌లో గంటలకొద్దీ వంటల వీడియోలు చూస్తూ, ఇంటిల్లిపాదికీ కేకులు చేసి పెట్టి, తాము మాత్రం ముట్టకపోవడం కూడా ఇదే. అది మొండితనం కాదు, ఆకలితో ఉన్న మెదడు అలాగే పనిచేస్తుంది.

మరి ఒంటి మీద అసంతృప్తికీ జబ్బుకీ లంకె లేదా? ఉంది, గట్టిదే. 1995లో ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. బొద్దుగా ఉండటమే అందం అనుకునే చోటు అది. అప్పుడొకసారి, మళ్లీ 1998లో ఒకసారి ఆన్ బెకర్ బృందం అక్కడి స్కూలు అమ్మాయిలను ప్రశ్నించింది. తిండి జబ్బు సూచనలు ఎక్కువగా కనిపించినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి చేరారు. కాకపోతే ఒళ్లు నచ్చని పిల్లలందరికీ జబ్బు రాదు. అసంతృప్తి నిప్పురవ్వ. వంశంలో ఉండే లక్షణం, ప్రతిదీ నూటికి నూరు ఉండాలనే స్వభావం, ఆందోళన, వీటన్నిటి మీద ఒక 'డైట్' వచ్చి పడితే అంటుకుంటుంది. మన దగ్గర ఆ డైట్ చాలాసార్లు మంచి పేరుతోనే మొదలవుతుంది: పీసీఓడీ ఉంది బరువు తగ్గమన్న సలహా, పెళ్లి సంబంధాల ముందు 'కాస్త సన్నబడితే బాగుంటుంది' అన్న మాట, కార్తీక మాసం ఉపవాసం, శనివారం ఒక్కపొద్దు. ఒక్కపొద్దు ఉండే పిల్ల రెండో రోజు కూడా ఉంటానంటే, మూడో వారానికి పండ్లు కూడా వద్దంటే, దాన్ని భక్తి అనుకుని ఊరుకోవద్దు.

ఇంట్లో కనిపించే గుర్తులు చెప్తాను. ఎండాకాలంలోనూ స్వెట్టర్ వేసుకోవడం, చేతులు చల్లగా ఉండటం, జుట్టు విపరీతంగా రాలడం, వీపు మీదా చేతుల మీదా సన్నటి నూగు, నెలసరి ఆగిపోవడం, మలబద్ధకం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. అన్నం మానేసి "కాలేజీలో తిన్నాను" అనడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లడం, నిద్రపోకుండా నడుస్తూనే ఉండటం. నెలసరి ఆగలేదు కాబట్టి జబ్బు కాదనుకోవడం తప్పు. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5లో, అది 2013లో వచ్చినప్పుడే, ఆ షరతు తీసేశారు. ఒకప్పుడు లావుగా ఉన్న పిల్ల వేగంగా తగ్గి, చూడటానికి మామూలుగా కనిపిస్తున్నా ప్రమాదంలోనే ఉండొచ్చు. అందరూ మెచ్చుకుంటూ ఉంటారు కాబట్టి అలాంటి పిల్లల జబ్బు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

అనుమానం వస్తే మొదట వెళ్లాల్సింది కౌన్సెలర్ దగ్గరికి కాదు, పిల్లల డాక్టర్ దగ్గరికో జనరల్ ఫిజీషియన్ దగ్గరికో. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి, బీపీ చూడమని అడగండి. ఈ రెండూ పోల్చి చూడటం ఓపీ హడావిడిలో వదిలేస్తుంటారు. ఈసీజీ తప్పకుండా తీయించాలి. రక్తపరీక్షల్లో సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, షుగర్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, సీబీపీ, థైరాయిడ్ ఉండాలి. ఫాస్ఫరస్, మెగ్నీషియం మామూలు ప్యాకేజీల్లో సాధారణంగా ఉండవు, విడిగా రాయించుకోవాలి. అన్నీ నార్మల్ వచ్చినా జబ్బు లేదని కాదు. శరీరం చివరిదాకా రక్తంలో లెక్క సరిపెడుతూనే ఉంటుంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉండి టీ3 తక్కువ వస్తే, అది ఆకలి వల్ల ఒళ్లు పొదుపు చేసుకోవడం. దానికి థైరాయిడ్ మాత్ర వేస్తే బరువు, గుండె రెండూ ఇంకా దెబ్బతింటాయి. ఆగిన నెలసరి కోసం హార్మోన్ మాత్రలు వాడినా అంతే. రక్తస్రావం కనిపిస్తుంది గానీ ఎముకలకు రక్షణ రాదు, ఒళ్లు కోలుకుందో లేదో చెప్పే గుర్తు కూడా మరుగున పడుతుంది.

పగలు మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తక్కువ ఉన్నా, స్పృహ తప్పినా, పొటాషియం గానీ ఫాస్ఫరస్ గానీ పడిపోయినా, ఈసీజీలో తేడా ఉన్నా, నీళ్లు కూడా మానేసినా ఇంటి చికిత్స కాదు, అడ్మిషనే. "బతకాలని లేదు" అన్న మాట వస్తే అదే రోజు సైకియాట్రిస్ట్‌ను కలవాలి. రాత్రిపూట ఎవరికి చెప్పాలో తోచకపోతే టెలి మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

చికిత్సకు నలుగురు కావాలి: ఒళ్లు చూసే డాక్టర్, సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, డైటీషియన్. నగరంలో ప్రైవేటుగా ఖర్చు పెట్టలేనివాళ్లకు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. చిన్నపిల్లల ఒంటి సమస్యలకు నీలోఫర్ ఉంది. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. అపాయింట్‌మెంట్‌కు ముందే ఫోన్‌లో రెండు ప్రశ్నలు వెయ్యండి: తల్లిదండ్రులను చికిత్సలో కూర్చోబెడతారా? బరువు, నాడి ఎవరు చూస్తారు? "పిల్లతోనే మాట్లాడతాం, తిండి సంగతి తనకే వదిలెయ్యండి" అని జవాబు వస్తే, పద్దెనిమిదేళ్ల లోపు అనోరెక్సియాకు ఆ చోటు సరిపోదు. డైటీషియన్‌కైతే బరువు తగ్గించడంలో కాదు, పెంచడంలో అనుభవం ఉండాలి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి చూడండి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. ఓపీ ఖర్చులు మాత్రం చాలా పాలసీల్లో రావు.

ఇక అసలు పని. ఈ పద్ధతి లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. మూడు దశలు. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్నది పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది. రెండో దశలో కొంచెం కొంచెంగా పిల్ల చేతికి ఇస్తారు. మూడో దశలో ఆ వయసుకు ఉండే మిగతా విషయాల మీద పనిచేస్తారు. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

మొదటి పది రోజులు మాత్రం మన ఇష్టం కాదు. చాలా రోజులు ఆకలితో ఉన్న ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం ఎక్కువగా వెళితే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. దాంతో కాళ్లు వాయడం, ఆయాసం, అయోమయం, గుండె లయ తప్పడం జరగొచ్చు. అందుకే ఎంతతో మొదలుపెట్టాలి, ఎన్నాళ్లకోసారి పెంచాలి, థయమిన్ (విటమిన్ బి1) ఎప్పుడివ్వాలి అన్నది డాక్టరే చెప్పాలి. రక్తపరీక్షలు మళ్లీ మళ్లీ చేయించాలి. "చిక్కిపోయింది పాపం" అని నానమ్మ మొదటి రోజే గిన్నెడు పాయసం పెట్టకుండా ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి.

ఆ గండం దాటాక రోజుకు మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు, మూడు గంటలకు మించని ఎడంతో. పొద్దున ఎనిమిదికి మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ, రెండు చెంచాల నెయ్యి, గ్లాసు చిక్కటి పాలు. పదిన్నరకి నువ్వుల లడ్డూ, అరటిపండు. ఒంటిగంటకి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, కూర, గుడ్డో చికెనో, గడ్డ పెరుగు. నాలుగింటికి పాలు, ఉస్మానియా బిస్కెట్లు, గుప్పెడు జీడిపప్పు. రాత్రి ఏడింటికి చపాతీ గానీ అన్నం గానీ, పనీర్ కూర, పెరుగు. పడుకునే ముందు బాదం పాలు. ఇది ఒక నమూనా, కొలతలు మీ డైటీషియన్ చెప్పినట్టు. పొట్ట చిన్నదైపోయి ఉంటుంది కాబట్టి గిన్నె పెద్దది చేయడం కన్నా అదే గిన్నెలో నెయ్యి, వేరుశనగ, మీగడ పెంచడం మంచిది. సలాడ్లు, సూప్‌లు, మజ్జిగ పొట్ట నింపేస్తాయి, బలం రాదు. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

వంట జరిగేటప్పుడు పిల్ల వంటింట్లో ఉండకూడదు. ప్లేటు లోపలే వడ్డించుకుని తేవాలి. కళ్ల ముందు కొలిస్తే ప్రతి గరిటె మీదా పేచీ. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట. పక్కన ఒక పెద్ద మనిషి అదే తిండి తింటూ కూర్చోవాలి. బాత్రూమ్ పని ముందే కానివ్వాలి. భోజనం తర్వాత గంట, చిరుతిండి తర్వాత అరగంట ఒంటరిగా వదలకూడదు. అప్పుడు అష్టాచెమ్మా, ఊనో, పాత కామెడీ సీన్లు, ఏదైనా సరే. చదువు మాత్రం వద్దు, ఆ సమయంలో ఎక్కదు.

ఆ అరగంట ఎలా ఉంటుందో చెప్పాలి. ఇడ్లీని ఆవగింజంత ముక్కలు చేస్తుంది. నెయ్యి తగిలిన వేలును ప్లేటు అంచుకు తుడుస్తుంది, మళ్లీ తుడుస్తుంది. కళ్లలో నీళ్లు కారుతుంటాయి గానీ శబ్దం ఉండదు. పదో నిమిషానికి "నువ్వు నన్ను లావు చెయ్యాలని చూస్తున్నావ్" అని అరుస్తుంది. అప్పుడు "నువ్వు లావుగా లేవు తల్లీ" అని వాదనకు దిగితే మాట ఒంటి మీదికి మళ్లుతుంది, ప్లేటు చల్లారిపోతుంది. పోషణ గురించి పాఠం చెప్పినా అంతే. పనిచేసే మాటలు చాలా చిన్నవి: "కష్టంగా ఉందని తెలుసు నాన్నా. ముద్ద పెట్టుకో." "నేనిక్కడే ఉన్నా. ఇంకో ముక్క." "ఇది నీ మందు బుజ్జీ." గొంతు పెంచకుండా అవే మాటలు, అలాగే, ఎన్నిసార్లయినా. బేరాలు వద్దు. "సగం తింటే చాలు" అని ఒక్క పూట అంటే, తర్వాతి పూట మొదలయ్యేదే ఆ సగం దగ్గర. అరగంటలో అవ్వకపోతే మిగిలినదానికి సరిపడా డైటీషియన్ చెప్పిన పౌష్టిక పానీయం ఇవ్వాలి. అది శిక్ష అన్నట్టు కాకుండా, మాత్ర మింగలేనివాళ్లకు సిరప్ ఇచ్చినట్టు ఇవ్వాలి.

తినగానే పొట్ట ఉబ్బిందని, నొప్పి అని అంటుంది. అది నాటకం కాదు. ఆకలి వల్ల జీర్ణాశయం నెమ్మదించి, తిన్నది చాలాసేపు అక్కడే ఉంటుంది. కొన్ని వారాలు క్రమంగా తింటేనే అది మళ్లీ కదులుతుంది. ఉబ్బరం అని తిండి తగ్గిస్తే ఉబ్బరం పోదు. వేడి నీళ్ల బ్యాగ్ పెట్టొచ్చు, వదులు బట్టలు ఇవ్వొచ్చు.

ఇంటి చికిత్స ఎక్కువగా దెబ్బతినేది పిల్ల వల్ల కాదు, పెద్దవాళ్ల మధ్య తేడా వల్ల. అమ్మ గట్టిగా కూర్చుంటే నాన్న "ఈ ఒక్క పూట వదిలెయ్యరాదూ, ఏడుస్తోంది" అంటాడు. లేదా నానమ్మ చాటుగా ప్లేటు తీసేస్తుంది. ప్రేమతోనే చేస్తారు. కానీ జబ్బుకు ఆ సందు చాలు. రాత్రి పిల్ల పడుకున్నాక రేపటి మెనూ, ఎవరు ఏ పూట కూర్చోవాలి, ఎక్కడ తగ్గకూడదు అన్నది పెద్దవాళ్లు మాట్లాడుకోవాలి. పిల్ల ముందు ఒకే మాట. మాధాపూర్‌లో రాత్రి షిఫ్టులున్న ఇళ్లలో ఇది మరీ కష్టం. మధ్యాహ్నం భోజనానికి మేనమామో, పిన్నో ఒకరిని కుదుర్చుకోవడం తప్పదు. హాస్టల్లో ఉంటే మొదటి దశ జరగదు, ఇంటికి తెచ్చుకోవాల్సిందే. కాలేజీకి డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చి హాజరు సంగతి మాట్లాడుకోవాలి. ఆటలు, డాన్స్, మెట్లెక్కడం డాక్టర్ సరే అనేదాకా బంద్.

బరువు మిషన్ ఇంట్లోంచి తీసేయాలి. బరువు డాక్టర్ దగ్గరే చూస్తారు. అంకె పిల్లకు చెప్పాలా వద్దా అన్నది బృందం నిర్ణయిస్తుంది.

ఇప్పుడు అద్దం సంగతి. బరువు పెరిగే నెలల్లో ఒంటి మీద అసహ్యం తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. దీనికి సిద్ధంగా లేని తల్లిదండ్రులు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. కారణం ఊహ కాదు. మొదట వచ్చే బరువు ఎక్కువగా పొట్ట, నడుము దగ్గర చేరుతుంది. ఒళ్లంతా సమంగా సర్దుకోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు. మధ్యలో ఆపితే సర్దుకునే అవకాశమే ఉండదు. ఈ సంగతి పిల్లకు కూడా ముందే చెప్పి ఉంచితే మంచిది.

బరువు నిలబడ్డాక సైకాలజిస్ట్ ఒంటి మీద పని మొదలుపెడతారు. ముందు 'చెకింగ్' ఎన్నిసార్లు జరుగుతోందో రాయిస్తారు: మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టి చూడటం, పొట్ట గిల్లుకోవడం, ప్రతి అద్దం దగ్గరా పక్కకు తిరిగి చూసుకోవడం, ఫోటోలు పెద్దవి చేసి చూడటం. చూసిన ప్రతిసారీ దిగులు కాసేపు తగ్గి, మళ్లీ రెట్టింపవుతుంది. అలవాటును బతికించేది ఆ కాసేపే. అందుకే ఒక్కోదాన్ని వాయిదా వేయించడం, తగ్గించడం చేస్తారు. దీనికి ఎదురు రకం తప్పించుకోవడం: అద్దానికి గుడ్డ కప్పడం, ఫోటో అంటే పారిపోవడం. దానికి అద్దం ముందు నిలబెట్టి, తల నుంచి పాదాల దాకా కనిపించింది కనిపించినట్టు చెప్పించే సాధన ఉంది. "అసహ్యం" అనకూడదు, "నా చెయ్యి మోచేతి దగ్గర ముదురు రంగులో ఉంది" అనాలి. ఇది సైకాలజిస్ట్ దగ్గరే చేయాలి, ఇంట్లో మనం మొదలుపెట్టకూడదు.

ఇంట్లో మనం చేయగలిగింది బట్టల సంగతి. బిగుతైన పాత బట్టలన్నీ పిల్ల లేనప్పుడు బీరువాలోంచి తీసేయాలి. 'మళ్లీ పడతాయేమో' అని ఉంచితే రోజూ అవే కొలబద్దలు. కొత్తవి కుట్టించేటప్పుడు టైలర్ టేపు చుట్టి అంకెలు పైకి చదువుతాడు, పక్కన కుర్రాడు రాసుకుంటాడు. ఆ అంకెలు ఆ పిల్ల చెవిలో నెలల తరబడి మోగుతాయి. వదులుగా సరిపోయే ఒక డ్రెస్‌ను ఆదిగా ఇచ్చేస్తే కొలతల అవసరమే ఉండదు. రెడీమేడ్ కొంటే సైజు చీటీ ఇంటికి తెచ్చే ముందే కత్తిరించండి.

ఇంట్లో ఒంటి మాట ఎవరి గురించీ ఉండకూడదు. పిల్ల గురించే కాదు, మన గురించి కూడా. "ఈ పండగకి రెండు కేజీలు పెరిగానే" అని అమ్మ అద్దం ముందు అనుకున్నా ఆ పిల్ల లెక్క వేసుకుంటుంది. పొగడ్త కూడా ప్రమాదమే. "ఇప్పుడు మొహంలో కళ వచ్చింది" అంటే ఆమెకు వినపడేది "లావయ్యావ్" అనే. మన పెళ్లిళ్లలో పలకరింపే "చిక్కావేంటి", "ఒళ్లు చేశావే", "నల్లబడ్డావ్" అని మొదలవుతుంది కాబట్టి, వెళ్లే ముందే మెసేజ్ పెట్టాలి. ఇలా రాస్తే ఎవరూ నొచ్చుకోరు: "వదినా, ఆదివారం ఫంక్షన్‌కి వస్తున్నాం. పాపకి ఒంట్లో బాగాలేక మందులు వాడుతున్నాం. చిక్కిందనీ, ఒళ్లు చేసిందనీ, బాగా తింటోందనీ ఏదీ అనొద్దని పెద్దమ్మకీ, పిన్నికీ కూడా చెప్పవా? చదువు గురించి, సినిమాల గురించి మాట్లాడితే చాలు. తనకి వడ్డించేది నేనే." అయినా ఎవరో ఒకరు అంటారు. అప్పుడు "ఆ మాట వద్దండీ" అని పిల్ల ముందే మెల్లగా చెప్పి మాట మార్చాలి. మనం తన వైపు ఉన్నామని పిల్ల చూడాలి.

మగపిల్లల్లో ఇది వేరే రూపంలో వస్తుంది. సన్నగా ఉన్నానన్న బాధ, కండలు చాలలేదన్న బాధ. జ్వరంలోనూ జిమ్ మానకపోవడం, కోడిగుడ్డు తెల్లసొన, ప్రొటీన్ పొడి తప్ప ఇంట్లో వండింది ముట్టకపోవడం, జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు. దీన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుంటాం కాబట్టి ఇంకా దాక్కుంటుంది. పరీక్షలు, చికిత్స వీళ్లకూ అవసరమే.

ఆపకుండా తినేయడం, తర్వాత వాంతి చేసుకోవడం ఉన్న బులీమియాలో దారి కొంచెం వేరు. అక్కడ అసలు చిక్కు తినేయడం కాదు, అంతకుముందు పూటలు ఎగ్గొట్టడం. మూడు నాలుగు గంటలకోసారి తప్పనిసరిగా తినడమే మొదటి మందు. దాంతోపాటు సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స), అవసరమైతే సైకియాట్రిస్ట్ రాసే ఫ్లూఆక్సెటిన్ ఉంటాయి. పొటాషియం తరచూ చూపించాలి. వాంతి జరిగితే వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించాలి, ఆమ్లం తగిలిన ఎనామిల్ బ్రష్‌కు అరుగుతుంది. తిట్టడం, బాత్రూమ్ తలుపు బాదడం వల్ల దాపరికం పెరుగుతుంది తప్ప వాంతి ఆగదు.

రెండో దశకు వెళ్లేది బరువు నిలబడి, ప్లేటు దగ్గర యుద్ధం తగ్గాక. ఒక్కసారిగా వదలకూడదు. ముందు సాయంత్రం చిరుతిండి ఏదో తననే ఎంచుకోనివ్వాలి. అది రెండు మూడు వారాలు సజావుగా సాగితే తన ప్లేటు తనే వడ్డించుకోవాలి, మనం చూస్తూ ఉండాలి. ఆ తర్వాత కాలేజీలో స్నేహితులతో ఒక భోజనం. భయపడే పదార్థాల జాబితా రాసి, తక్కువ భయమున్నదాని నుంచి మొదలుపెట్టాలి. చాలామందికి అందులో చివర ఉండేది బిర్యానీ, స్వీట్లు. హైదరాబాద్‌లో బతికే పిల్ల స్నేహితులతో కలిసి బిర్యానీ తినగలగడం చికిత్సలో భాగమే, విలాసం కాదు. బరువు జారిందా, ఇచ్చిన పెత్తనం వెనక్కి తీసుకుని మళ్లీ ఒక మెట్టు కిందికి రావాలి. చాలా ఇళ్లలో ఇలా జరుగుతుంది, దాని గురించి తనను దెప్పకూడదు.

ఉపవాసాలు కొన్నేళ్లు వద్దు. ఏకాదశి గానీ రంజాన్ గానీ, జబ్బుగా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉండనే ఉంది.

తిరగబెట్టే కాలాలు ముందే తెలిసినవే: పరీక్షలు, హాస్టల్‌లో చేరడం, వైరల్ జ్వరం వచ్చి నాలుగు రోజులు తినకపోవడం, పెళ్లి కుదరడం. అందుకే చికిత్స ముగిసే ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి: తొలి గుర్తులేమిటి, ఎంత బరువు జారితే డాక్టర్‌కు చెప్పాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, మళ్లీ మూడు పూటలా ఎవరు పక్కన కూర్చుంటారు. అది పిల్లతో కలిసే రాయాలి, తొలి గుర్తులు తన మాటల్లోనే ఉండాలి. ఒక కాపీ తన దగ్గర, ఒకటి మన దగ్గర, ఒకటి డాక్టర్ ఫైల్లో. హాస్టల్‌కి వెళితే అక్కడ ఒక స్నేహితురాలికి కూడా, తను ఒప్పుకుంటే.